ఫొటోకి రెండు వేళ్ళ అవతల

పన్నెండు ఫొటోలు.
వెనక పెన్సిల్‌తో అంకెలు, పైన ప్లాస్టిక్ కవరు,
కవరు చుట్టూ రెండు మడతలు వేసిన రబ్బరు బ్యాండు.
మసేరు నుంచి బస్సులో ఏడు గంటలు,
ఆ పైన గుర్రం మీద ఇంకో రెండు.
గుర్రానికి దారి తెలుసు.
నాకు తెలిసింది ఒక్క ప్రశ్న:
"ఈ ఫొటోలో మీకేం కనిపిస్తోంది?"
అంతకు మించి అడగకూడదు.
వేలు పెట్టి చూపకూడదు, తలాడించకూడదు,
జవాబు ఆలస్యమైతే అందించకూడదు.

అన్నీ కిందటి చలికాలం నేను తీసినవే.
ఆనకట్ట అడ్డం పడ్డాక
లెసోతో కొండల నడుమ ఎక్కి నిలిచిన నీళ్ళు.
ఆ నీళ్ళ కోసమే వచ్చాను.
రెండ్రోజులుగా
ఒక్కరూ నీళ్ళ మాట ఎత్తలేదు.

ఫకీసో తాత ఏడో నంబరు దగ్గర ఆగాడు.
గట్టు మీద మేసే గొర్రెల్లో
ఒకదాని చెవి కొసన చిన్న గాటు.
"ఇది నాది. మే నెలలో పోయింది."
ఫొటో తీసిన తేదీ అడిగాడు, పూట అడిగాడు,
మంద వెనక కంబళి కప్పుకున్న కుర్రాడి మొహం
సరిగ్గా ఎందుకు పడలేదని నన్నే కోప్పడ్డాడు.
రేపు ఊరిపెద్ద ముందు సాక్ష్యం చెప్పమన్నాడు.
నా పత్రాల్లో
గొర్రె దొంగతనానికి గడి లేదు.

మాలిసెబో అంటే లిసెబో వాళ్ళమ్మ.
ఇక్కడ తొలిచూలు పేరే తల్లి పేరు.
లిసెబో ఎక్కడుందని నేను అడగలేదు,
నా ప్రశ్న ఒక్కటే కదా.
మూడో నంబరుని ఆమె రెండు చేతుల్లోకి తీసుకుంది,
వంచితే నీళ్ళు ఒలికిపోతాయేమో అన్నట్టు
బల్లపరుపుగా పట్టుకుంది.
చాలాసేపు చూసింది.
ఒళ్ళో కంబళి మీద పెట్టి,
ఫొటో కింది అంచు దాటి
రెండు వేళ్ళు కొలిచి,
ఉత్త కంబళి మీద వేలు ఆనించింది.
"ఇక్కడ."
కాస్త జరిపి,
"ఇక్కడ కూడా."

"ఇది తీసింది ఎవరు?"
నేనే అన్నాను.
"అయితే నువ్వు నిలబడింది మా కళ్ళం మీద.
నేనూ మా అత్తా పేడతో అలికిన కళ్ళం.
జొన్న కొట్టేటప్పుడు
కర్ర దెబ్బకీ దెబ్బకీ మధ్య
లిసెబో దాని మీదే నడక నేర్చింది.
నీళ్ళు దాన్ని ముంచలేదు.
ముంచి ఉంటే డబ్బులిచ్చేవాళ్ళు.
చేలు అడుగున పోయాక
పొడి కళ్ళం మీద ఏం కొడతాం?"

తర్వాత, పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ:
"ఆనకట్ట వాళ్ళూ ఫొటో తీశారు.
ఇంటి ముందు నిలబెట్టి, చేతికి నంబరు పలకిచ్చి.
అందులో నాకేం కనిపించిందని ఎవరూ అడగలేదు.
అడగడానికి, ముందు నాకు చూపించాలి కదా."

రాత్రి కొవ్వొత్తి వెలుగులో రికార్డర్ పెట్టుకుని కూర్చున్నాను.
ఒక దగ్గు. కోడి రెక్కల చప్పుడు. నిప్పు చిటపట.
"ఇక్కడ."
నలభై ఒక్క సెకన్లు.
"ఇక్కడ కూడా."
రికార్డర్‌కి వేలు వినపడదు.
వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను,
ఆ నలభై ఒక్క సెకన్లలో
నా కుర్చీ కిర్రుమనడం తప్ప ఏమీ దొరకలేదు.

మూడో నంబరు తెల్ల అంచు మీద
బొటనవేలి ముద్ర, మసీ కొవ్వూ కలిసి.
తుడిస్తే పోతుంది.
తుడవలేదు.
విశ్వవిద్యాలయానికి ఫొటోలు తిరిగి ఇచ్చే కాగితంలో
ఆఖరి గడి పేరు "నష్టం".
మూడో నంబరుకి ఎదురుగా కలం పట్టుకుని
ఏం రాయాలో తోచక
ఏడో నంబరు దగ్గరికి దిగి రాశాను:
ఒక గొర్రె, ఎడమ చెవికి గాటు,
ఫకీసో తాతది.