తూటిపాలెం లాకు

ఇనుము లెక్క రాయడానికి వచ్చాను నేను.
టేపు, సుద్దముక్క, ఎం-బుక్కు, గొడుగు.
కాలువ కట్టేసిన నెల.
అడుగు బురద పెచ్చులు పెచ్చులుగా లేస్తే
కొంగలు దాని మీద ఆచితూచి నడుస్తున్నాయి,
ఆవకాయ జాడీల మధ్య తిరిగే ఆడవాళ్ళలా.

తలుపులు నాలుగు ఉండాలి. రెండే ఉన్నాయి.
మిగతా టేకు ఎవరి గుమ్మానికి గడపైందో.
పళ్ళ చక్రాలు రెండు, గొలుసు పదహారు మూరలు.
ఎదురుగా "పనికిరాదు" అని రాశాను.
రోజూ రాసే మాటే.

లస్కరు పాకలో, చూరులో దోపి,
మైనపు గుడ్డలో చుట్టి, పడవల రిజిస్టరు.
ఎగువకి ఉప్పు, ఎండుచేప, కొబ్బరి.
దిగువకి వెదురు, బెల్లం, టేకు దుంగలు.
ఒకసారి నాటకం వాళ్ళ పడవ:
"కిరీటములు ఏడు. రాజులు నిద్రించుచున్నారు."

రాత నేలపూడి గన్నెయ్యది.
నెలకి ఎనిమిది రూపాయలు, ఏటా ఒక కంబళి.
తడిసిన పిచ్చుకల్లా ముడుచుకున్న అక్షరాలు.

ఒక పేజీ దగ్గర ఆగిపోయాను.
"ఆశ్వయుజ బహుళ ఏకాదశి. మల్లాడి సత్తెయ్య పడవ.
కొబ్బరి, రెండువేల కాయ.
లోనికి మనుషులు నలుగురు.
బయటికి అయిదుగురు."

కింద ఎర్ర సిరాలో పై అధికారి:
"వ్యత్యాసమునకు సంజాయిషీ ఇవ్వవలెను."

దాని కింద గన్నెయ్య:
"అయ్యా, కింది తలుపు మూసితిని.
పై తలుపు తూములు ఎత్తితిని.
నీరు ఎక్కుచుండగా పడవలోని ఆడుమనిషికి నొప్పులెక్కినవి.
నీరు సమమగువరకు తలుపు తీయరాదని తమ రూలు.
సమమగుసరికి పిల్ల ఏడ్చినది.
తలుపు తీసితిని.
పిల్లకు రుసుము ఎంతో తెలియపరచగలరు."

జవాబు లేదు. అక్కణ్ణించి చెదలు.

గట్టు మీద మేక పలుపు పట్టుకుని ఒక ముసలామె
చాలాసేపటి నుంచి నన్నే చూస్తోంది.
మల్లాడి వరాలట. సత్తెయ్య కూతురట.
ఒళ్ళు జలదరించింది నాకు.
"అయితే లాకులో పుట్టింది..."
"నేను కాదు బాబూ, మా పెద్దక్క.
మూడో నెల్లో పోయింది, కోరింత దగ్గొచ్చి.
నేను ఇంటికాడే పుట్టాను, మామూలుగా."
మేక ఎం-బుక్కు అంచు వాసన చూసింది.

తర్వాత ఆవిడే దిగొచ్చి
రాతి అంచు మీద చెయ్యి పెట్టింది.
గాడి. వేలు లోతు. పక్కన ఇంకోటి, ఇంకోటి.
కొబ్బరి పీచు తాడు నల్లరాతిని కోసిన చోట్లు.
"ఇది మా నాయనది" అంది ఒకదాన్ని తడిమి.
"ఎడంచేతి వాటం. సూడు, ఎలా వొంకరగా పోయిందో."
నాకు వంకర కనపడలేదు.
కనపడిందన్నాను.

రిజిస్టరు చివర్లో పడవలు పల్చబడతాయి.
రోజుకి పది. రోజుకి రెండు. వారానికొకటి.
ఎగువన రోడ్డుకి వంతెన వేశారు,
పడవ తల వంచినా దూరనంత కిందకి.
ఆ తర్వాత ఇంకో చెయ్యి, గుండ్రటి రాత:
"పడవ లేదు."
మర్నాడు "పడవ లేదు."
పదకొండు నెలలు, ఒక్క తేదీ తప్పకుండా,
దీపం వెలిగించే వేళకి కూచుని
రాని పడవని రాసిన ఆ మనిషి పేరు
ఎక్కడా లేదు.
సిరా మాత్రం మంచిది. ఇంకా నల్లగానే ఉంది.

పొద్దు వాలేసరికి లెక్క తేల్చాను.
ఇనుము ఇంత, గొలుసు ఇంత.
రాయి వేలంలో లేదు.
గాళ్ళకి నా పుస్తకంలో గడి లేదు.

వరాలు మేకని తోలుకుని వెళ్ళిపోయింది,
వెళ్తూ ఓసారి అడిగింది,
వచ్చే నెల నీళ్ళొదుల్తారా, లేదా అని.
వదులుతారన్నాను.

లోనికి వచ్చినప్పుడు నా దగ్గర వస్తువులు నాలుగు.
బయటికి అయిదు.
సంజాయిషీ ఎవరైనా అడిగితే
అప్పుడు చూసుకుందాం.