ముప్పై ఒకటో రిఫరెన్సు

వాల్దీవియాలో వాన.
ల్యాబ్ కిటికీకి రాత్రంతా అదే పని.
యస్నా అంకమిల్ కామాలు సరిచేస్తోంది:
ఇంటిపేరు ముందు, పొడి అక్షరాలు తర్వాత,
సంపుటి బొద్దుగా,
పేజీల మధ్య గీత ఇంకాస్త పొడుగ్గా.

పత్రిక నియమం: ఆరుగురి వరకే పేర్లు.

ముప్పై ఒకటో దాని దగ్గర ఆగింది.
నీళ్ళు ఎర్రబడ్డ ఏడాది మీద పాత వ్యాసం.
ఏడో పేరు తనదే.
ఆ జూలైలో పడవ అంచున వంగి
సీసాలు నింపింది తనే. వేళ్ళు
మూడు రోజులు మాట వినలేదు.
ఆరో పేరాయనకి సముద్రం పడదు.

డిలీట్ నొక్కింది.
'తదితరులు' అని కొట్టి, నియమం ప్రకారం
వాలు అక్షరాలు చేసింది.

ఎదురుగాలిలో నిలబడ్డ మనిషిలా
కాస్త ముందుకి వంగింది మాట.

చుక్క మర్చిపోయింది.
వెనక్కొచ్చి పెట్టింది.