ఆరో తీగ

సఖినేటిపల్లి పంటు మీద టిక్కెట్లు చింపుతాను.
ఇప్పటికి ఎన్నిసార్లు వశిష్ఠ దాటానో
నన్ను కాదు, నా బొటనవేలిని అడగాలి.
రాత్రి ఆఖరి ట్రిప్పు అయ్యాక
ఇంజను ఆగుతుంది,
నాలో ఆగదు.
అన్నం కలుపుతుంటే కంచం అంచులో,
పడుకుంటే దవడలో
డుబ డుబ డుబ.

నలభై మూడో ఏట గిటారు కొన్నాను,
నర్సాపురంలో, వాయిదాల మీద.
వాయిదాలంటే బండి అనుకుంది మంగతాయారు.
వీధిలోకొచ్చి చూసి
"దీనికి చక్రాలేవి?" అంది.

రేవు పక్క సందులో దయామణి గారు నేర్పుతారు,
మధ్యాహ్నం పంటు కట్టేసే గంటలో.
వారమంతా లేసు అల్లుతారు,
ఆదివారం చర్చిలో వాయిస్తారు.
నేను ఒక తీగ మీటితే మూడు మోగేవి,
ఒకణ్ణి పిలిస్తే పేటంతా పలికినట్టు.
సరిగ్గానే నొక్కానండీ, అన్నాను.
"నొక్కింది బానే ఉందండి.
నొక్కనివాటి సంగతి ఎవరు చూస్తారు?"

గిటారు పక్కన పెట్టించి
ఒళ్ళో లేసు చూపించారు.
కుడిచేతిలో కొక్కెం సూది ఆడుతోంది,
ఎడంచేతి చిటికెన వేలికి ఒక్క చుట్టు దారం.
"ఈ వేలు ఏం చేస్తోందో చెప్పండి."
ఏం చెయ్యట్లేదండి.
"ఆయ్, అదే దాని పని.
అది మానేసిందంటే పువ్వు పువ్వులా ఉండదు."

ఉంగరపు వేలు ఐదో తీగ నొక్కాలి,
దాని కొస పై తీగకి ఆనాలి, అంతే,
నిద్రపోతున్న పిల్లాడి జేబులోంచి
బలపం తీసేటంత.
ఎక్కువ ఆనితే టక్కుమంటుంది,
ఆనకపోతే గుయ్యిమంటుంది.
కుడి అరచేతి అంచు ఇంకోవైపు వాలాలి.
ఇన్ని చూసుకుంటుంటే
వాయించాల్సింది మర్చిపోయేవాణ్ణి.

ఇంటి దగ్గర ఇంకో గొడవ.
మా గోడ రేవుకి పాతిక గజాలు.
పంటు వస్తుంటే
మేకుకి వేలాడే గిటారు
ఎవరూ ముట్టకుండానే మూలుగుతుంది.
రెండు రోజులు ఓర్చుకుని
మంగతాయారు తన జడ రబ్బరు తీసి
తీగలన్నిటికీ కలిపి మెడ దగ్గర బిగించింది.
నోరు మూసుకుంది గిటారు.
దయామణి గారికి చెబితే
చేతిలో సూది జారేంత నవ్వారు.
"మీ ఆవిడకి నేర్పాల్సిందండి నేను."

"నొక్కు వదలండి, వేలు వదలకండి."
ఈ ఒక్క ముక్కకి రెండు పున్నమి పోట్లు పట్టింది.
చేతిని లాగేసేవాణ్ణి,
వెళ్తూ వెళ్తూ తీగ కుయ్యిమనేది.
ఓరోజు ఒడ్డుకి వస్తుంటే
సరంగు లోవరాజు ఇంజను తగ్గించి
తాడు పట్టుకున్న కొత్త కుర్రాడి మీద అరిచాడు:
"లాగకెహె! పట్టుకుని ఉండు, అదే వస్తాది."
కుర్రాడు చేతులు వదులు చేశాడు, తాడు వదల్లేదు.
పంటు తనంత తానే వచ్చి
మట్టిని ముట్టుకుని నిలబడింది.
ఎవరికో చిల్లర ఇవ్వబోతూ
నేనూ నిలబడిపోయాను.
ఇంకా ఐదు రూపాయలు రావాలి నాకు,
అందొక చేపల గంప ఆవిడ.

ఆ మధ్యాహ్నం ఒక పట్టు నుంచి ఇంకో పట్టుకి మారాను.
నొక్కు వదిలాను. వేలు ఉంచాను.
రెంటికీ మధ్య జానెడు ఖాళీ వచ్చింది.
అందులో
దయామణి గారి దారపు ఉండ
సిమెంటు గచ్చు మీద దొర్లడం విన్నాను.
దవడ తడుముకున్నాను. ఏమీ లేదు.

ఆవిడ తల పక్కకి వంచి విన్నారు.
"ఆరోది ఇంకా మోగుతోందండి."
లేదండీ, వేలు ఆనే ఉంది, చూడండి.
ఇద్దరం వంగి చూశాం.
తీగ కదలట్లేదు.
చప్పుడు మాత్రం ఉంది, సన్నగా, కింద నుంచి,
కిటికీ ఊచల్లోకి ఎక్కుతూ.

రేవులో లోవరాజు ఇంజను స్టార్టు చేశాడు.
టిక్కెట్ల కట్ట జేబులో పెట్టుకుని లేచాను.