వీసం తేడా

రేణిగుంట రోడ్డులో మూడో అంతస్తు.
బల్ల మీద అగ్గిపెట్టెంత బోర్డు,
దాని నడుమ చింతగింజంత చిప్.
పెద్ద కంప్యూటర్లో కాళ్ళు చాపుకుని బతికిన ప్లేయర్ని
నెలరోజులుగా ఇందులోకి కాపురం మారుస్తున్నాను.

సామాను పట్టదు.
మెనూల అద్దాలూ నీడలూ నగిషీలూ
గడప బయటే వదిలేశాను.
అయినా బొమ్మ నత్తి మానలేదు.

పరీక్షకి పెట్టింది
పుత్తూరు పక్క తిరునాళ్ళలో నేనే ఫోనుతో తీసిన భారతం ఆట.
తొలి వారమంతా నల్లటి తెర.
తర్వాత బొమ్మ వచ్చింది గానీ
ఎరుపూ నీలమూ చోట్లు మార్చుకున్నాయి:
పసుపు పూసిన భీముడు
నీలంగా తిరిగి కృష్ణుడయ్యాడు.
ఒక్క లైను తప్పు. నవ్వుకుని దిద్దాను.

దిద్దలేనిది వేరే ఉంది.
ఈ చిప్‌కి దశాంశాలు రావు.
పాయింటు తర్వాత అంకె కనబడితే చాలు,
వేళ్ళు మడుచుకుంటూ నిలబడిపోతుంది.

"రాకుంటే నేర్పొద్దులేమ్మా" అన్నాడు ఏకాంబరం,
రాత్రి కాపలా, చేతిలో టీ ఫ్లాస్కు.
దామలచెరువు మామిడి మండీలో
ఇరవై రెండేళ్ళు పద్దు రాసిన మనిషి.
"నయాపైసలొచ్చి ఎన్నేళ్ళయినా
మా షావుకారి లెక్క వీసాల్లోనే.
రూపాయికి పదహారు.
కూడేదీ వీసాలే, తీసేదీ వీసాలే.
కడాన ఒక్కసారి రూపాయలు చేసుకునేది."

ఆ రాత్రి పాయింట్లన్నీ ఏరి పారేశాను.
ఒక్కటిని అరవై అయిదు వేల ముక్కలు చేసి
పూర్ణాంకాల గోతాల్లో కుట్టాను.
మూడు దాటాక, గూడ్సు బండి కూతేస్తుండగా,
భీముడు కదిలాడు.
తడబడలేదు.
గద లేచి
మట్టి దుర్యోధనుడి తొడ మీద పడింది.

కిందికి పరిగెత్తి ఏకాంబరాన్ని పిలుచుకొచ్చాను.
చూశాడు. మళ్ళీ వెయ్యమన్నాడు. మళ్ళీ.
"దెబ్బ ముందు పడతా ఉంది.
చప్పుడు ఒక వీసం వెనక."

డ్రైవరు నెత్తిమీద తగిలించే పెట్టె ఇది,
భాకరాపేట ఘాట్లో, హారన్ల మధ్య,
ఎవరు చూడొచ్చారు అన్నాను.

"తూకం కాడ మా షావుకారిదీ అదే మాట"
ఫ్లాస్కు మూత బిగించుకుంటూ మెట్లు దిగిపోయాడు.

కొలిచాను.
అరవై రెండు మిల్లీసెకన్లు.
సెకనులో పదహారో పాలు.

భీముడి గదని గాల్లోనే ఆపి
చప్పుడు వచ్చేదాకా కూర్చున్నాను.