వాపసొచ్చిన బస్తా

ఎనుమాముల యార్డుల ఏడో షెడ్డు కింద
రేకు బస్తా మీద పెట్టి
నల్లరంగు బ్రష్షుతోని గుద్దుతనే ఉంట.
కృష్ణపట్నం. మళ్ల కృష్ణపట్నం.
వారానికోపాలి చెన్నై.
పద్దెనిమిదేండ్లాయె రేవుల పేర్ల మీద బతుకవట్టి,
ఒక్క రేవు మొఖం చూడలే.

పని నేర్పిన మొగిలన్న అనేటోడు:
"ఓడకు సదువు రాదే కొంరక్కా,
నువ్వొక్క అచ్చరం తప్పు కొడితే
ములుగు మిరప పోయి ఎవల కూరల పడ్తదో!"
నవ్వేటోడు, తుమ్మేటోడు, మళ్ల నవ్వేటోడు.
ఈడ ఏ నవ్వైనా తుమ్ము కాడ్నే ఆగుతది.

మాకు ఒడ్డు లేదు.
నర్సంపేట తొవ్వ ఉంది, కాజీపేట పట్టాలున్నయి.
అలలంటరా,
లారీల మీది టార్పాలిన్లు రాత్రంత గాలికి కొట్టుకుంటయి,
గవ్వే.

జహంగీర్ భాయిని అడిగిన, లోడు తీస్కపోయేటోన్ని,
రేవు ఎట్లుంటదని.
"కొంగలసొంటి క్రేన్లక్కా,
ఇంటంత డబ్బను ముక్కుతోని లేపుతయి.
గేటు బయట మూడు దినాల లైను.
లారీ కిందనే వంట, లారీ కిందనే నిద్ర."
మరి సముద్రం?
"గోడ అడ్డముంటది. వాసనొస్తది, గంతే."

కోటల గైడు పోరడు ఎవలికో చెప్తుంటె
పక్కన నిలవడి ఇన్న.
ఈ ఓరుగల్లు నేలిన రాజొకాయన
మోటుపల్లి రేవుల రాతి కంబం నిలిపిచ్చిండట.
అంతకుముందటి రాజులు
గాలికి ఇరిగి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్ని ఊడ్చుకునేటోళ్లట.
ఈయన, సుంకం తప్ప పుల్ల ముట్ట,
పానం కన్న సరుకే ఎక్కువనుకోని వచ్చెటోళ్లకు భయం లేదని
చెక్కిచ్చిండట.
సముద్రం లేని ఊళ్లె కూసోని
మునిగెటోని భయం ఎట్ల తెలిసిందో ఆయనకు!

మొన్న ఎండలు మొదలైనంక
మూడువందల నలభై బస్తాలు వాపసొచ్చినయి.
మందు ఎక్కువున్నదని అవుతలి రేవుల దిగనియ్యలేదట.
రెండు నెల్లు నీళ్ల మీదనే ఉన్నయట.
దించుతుంటె నా రాతే నా ముంగటికొచ్చింది.
దాని మీద ఎర్రగ,
నాకు రాని బాసల ఒక ముద్ర.
కుట్టు పొంటి తెల్లగ ఏందో పేరుకున్నది.
ఏలుతోని గీకి నాలికె మీద పెట్టుకున్న.
ఉప్పు.
ఆ ఎన్క మెల్లగ, గుర్తువట్టినట్టు, కారం.

సేటు రాలే, గుమాస్తా వచ్చిండు.
ఓడ కిరాయి ఎవల మీద ఎయ్యాల్నో
నిలవడే లెక్క కడ్తున్నడు.
గూడూరు దిక్కు తండాకెల్లి భూక్య దస్రు వచ్చి మూలకు కూసున్నడు.
ఆయన చేతుల తక్‌పట్టి
మడిచి మడిచి నాలుగు ముక్కలైంది,
పైసలు మాత్రం ఇంక కాలే.
లేసొచ్చి ఒక బస్తా కాడ ఆగిండు.
"ఈ ఎర్రదారం మా ఇంటామె కుట్టు" అన్నడు.
జొరమొచ్చిన పిలగాన్ని ముట్టినట్టు ముట్టిండు.
"నేను మానుకోట దాటలే గదనే,
నువ్వు ఏడేడ తిరిగొస్తివి!"

కొత్త సంచులల్ల పోసి ఇంకో రేవుకు పంపుతరట.
కొత్త రేకు కోసుక రమ్మన్నరు.
రాత్రి ఇంట్ల చిన్న ఉలి పట్టుకోని కూసున్న.
రేకుల అచ్చరమంటె అచ్చరం కాదు, బొక్క.
రంగు అండ్లకెల్లే పోవాలె.
రేవు గూడ గంతేనేమో, దేశానికి కోసిన బొక్క.
మోటుపల్లి కంబం చెక్కినోడు
సముద్రం దిక్కు తిరిగి చెక్కిండో,
ఈడ్నే ఏదన్న చెట్టు కింద చెక్కి బండ్లెక్కిచ్చిండో.

పొద్దుగాల దస్రు షెడ్డు కాడ్నే ఉన్నడు, ఇంటికి పోలే.
"ఈపాలి ఏ ఊరని రాస్తవక్కా?"
ఇంక చెప్పలేదన్న.
రేకు కండ్లకు అడ్డం పెట్టుకోని చూసిన,
ఉత్త బొక్కలల్లకెల్లి
ఆయన చేతులు కనవడ్డయి,
ముక్కలైన కాయితం మళ్ల అతికిస్తున్నయి.