దగ్గుకు ముందు

కాగితానికి మసి పట్టించడం నా పని.
గుంటూరు మెడికల్ కాలేజీ, ఫిజియాలజీ గది.
కిరసనాయిలు దీపం మీద డ్రమ్ము తిప్పుతూ ఉండాలి.
మందమైతే ముల్లు ఆగిపోతుంది,
పల్చనైతే గీత తెల్లబోతుంది.
"సైదులూ, నీకొచ్చినట్టు నాకు రాదయ్యా" అనేది
డాక్టర్ కరుణాంబ.
అబద్ధం. ఆమెకి వచ్చు.
నాతో అలా అనడం ఇంకా బాగా వచ్చు.

వానాకాలం కప్పలు, ఎండాకాలం మనుషులు.
కప్పల్ని నేను ఏటుకూరు పొలాల్లో పట్టుకొచ్చేవాణ్ణి.
మనుషుల్ని తనే వెళ్లి పిలుచుకొచ్చేది
మిర్చి యార్డులోంచి, బేరాలయ్యాక,
టిక్కీలు మోసి మోసి మెడ మీద కాయలు కాసినవాళ్లని.
పోయిన పూట కూలి తన జీతంలోంచే ఇచ్చేది,
పద్దు పుస్తకంలో రాయకుండా.

ఆమె అడిగింది ఒక్కటే.
కొత్తవాడు గేటు దాటగానే ఉక్కిరిబిక్కిరవుతాడే,
ఇరవయ్యేళ్లుగా ఆ కోరులోనే బతికే త్రికోటికి
దగ్గెందుకు రాదు?
"అలవాటమ్మా" అన్నారు పెద్ద ప్రొఫెసరు గారు.
"అలవాటంటే ఏ నరమండీ?" అంది.

త్రికోటిని బల్ల మీద కూర్చోబెట్టి
రొమ్ము చుట్టూ రబ్బరు గొట్టం కట్టి
ముక్కు దగ్గర చిటికెడు పొడి విదిలించాం.
ముల్లు ఎక్కింది, దిగింది,
మళ్లీ ఎక్కబోయి
ఆగింది.
వేలి వెడల్పున గీత చదునుగా నడిచింది.
ఆ తర్వాతే ఒక చిన్న దగ్గు,
అదీ పిలిచారు కదా అని మర్యాదకి వచ్చినట్టు.

"ముల్లు పట్టేసింది" అన్నారు పెద్దాయన.
నా మసిని అనుమానించారన్నమాట.
కాగితాన్ని లక్కలో ముంచి, తీగ మీద ఆరేసి
ఆమె నా వంక చూసింది.
మందమైందా?
లేదండి, అన్నాను.

ఆ "లేదండి" మీద పదకొండేళ్లు పనిచేసింది.

కరెంటు పోయేది, కప్పలు చచ్చేవి,
వ్యాసం మూడుసార్లు తిరిగొచ్చింది,
ఒకసారైతే కవరు మీద మా ఊరి పేరే తప్పు.
నాలుగోసారి అచ్చయింది, నాలుగు పేజీలు,
అడుగున చీమంత అక్షరాల్లో నా పేరు కూడా.
అది చూపించడానికి యార్డుకి పరుగెత్తాను.
త్రికోటి లేడు.
ఊపిరితిత్తులంట. ఆస్పత్రికి వెళ్లలేదంట,
దగ్గే లేదు కదా అని.

ఆ రాత్రి ఆమె గదిలో దీపం ఆర్పలేదు.
తెల్లారి నల్లబల్ల మీద గీతలన్నీ చెరిపి
తెలుగులో రాసింది:
"అలవాటుపడింది దగ్గు. ఊపిరితిత్తి కాదు."
అప్పట్నుంచి ప్రతి బ్యాచికీ మొదటి పాఠం అదే:
దగ్గేవాణ్ణి తర్వాత చూడండి,
దగ్గాల్సిన చోట దగ్గనివాణ్ణి ముందు చూడండి.
ఆ పిల్లలు పిడుగురాళ్ల సున్నం బట్టీల దగ్గరికీ
దూది మిల్లులకీ డాక్టర్లై వెళ్లారు.
ఇప్పుడు వాళ్ల పిల్లలూ అదే మాట అంటున్నారంట,
ఎవరి మాటో తెలీకుండా, సామెతలాగా.

ఆమె పోయి ఆరేళ్లు.
మొన్న మా పైగదిలో అద్దెకుండే మెడిసిన్ పిల్ల
వరండాలో పచార్లు చేస్తూ బట్టీ పడుతోంది.
తెలుగులో చెప్పమ్మా అన్నాను.
"ఏళ్ల తరబడి ఘాటులో పనిచేసేవాళ్లలో
దగ్గుకు ముందు శ్వాస క్షణంపాటు ఆగుతుంది."
ఎవరు కనిపెట్టారు?
"ఏమో తాతా, పేరు లేదు. రెండు మార్కుల ప్రశ్న."

రెండు మార్కులు.
త్రికోటి ఊపిరి, నా మసి, ఆమె పదకొండేళ్లు.

భోజనం దగ్గర పొలమారింది.
ఎవరో తలుచుకుంటున్నారు అంటూ
మా ఆవిడ నెత్తిన తట్టింది.
మేడమ్ ఉంటే నవ్వేది:
"గొంతులో మూత కాస్త ఆలస్యంగా పడిందయ్యా, అంతే."
అంతేనండి.
నేను మాత్రం మెతుకు బయటికి రాకముందే
ఆ చదును కోసం వెతుక్కున్నాను,
రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని,
మసి అంటిన రోజుల్లోలాగే వేళ్లు ఎడం చేసి.