అరవై నాలుగో నంబరు

రాత్రి రెండున్నరకి బెళ్లందూరు చెరువు వాసన
ఏసీ గొట్టంలోంచి కూడా దారి చేసుకుని వస్తుంది.
ఐదో అంతస్తులో పద్నాలుగు మందిమి,
ఒక్కొక్కరికి రెండు తెరలు, కాలి కింద ఒక పెడల్.
కుట్టు మిషను తొక్కినట్టు తొక్కితే
అమెరికాలో ఒక మనిషి వెనక్కి నడుస్తాడు.

చేరిన రోజు చెప్పిన మొదటి మాట:
బంతిని చూడకండి.
దాన్ని చూసుకోడానికి అరవై వేల మంది ఉన్నారు.
బంతి అటు పోయాక
ఇటు మిగిలిపోయే ఐదుగురే మీ పని.

ఈ ఏడు నా వంతుకి కొత్త కుర్రాళ్లొచ్చారు.
అందులో ఒకడు ఎడమ గార్డు, నూట నలభై కిలోలు.
పేరు నాకు నోరు తిరగదు, నంబరుతోనే పిలుస్తాను.
అరవై నాలుగు! కళలన్నీ వీడి వీపు మీదే ఉన్నాయి అన్నాను.
పక్క సీటు పూవమ్మ నవ్వలేదు. ఆమెకి తెలుగు రాదు.

మొదటి వారం రాసుకున్నవి:
నేలకానించిన వేళ్ల కణుపులు తెల్లబడుతున్నాయి.
బరువంతా ముందుకేసి
రాబోయేది పరుగేనని ఎదుటివాడికి ముందే చెప్పేస్తున్నాడు.
మైనస్.
ఛాతీ మీద పడాల్సిన చేతులు భుజాల బయట పడుతున్నాయి,
పెళ్లిలో దూరపు చుట్టాన్ని కౌగిలించుకున్నట్టు.
మైనస్.
మోకాళ్లు వంచాల్సిన చోట నడుము వంచుతున్నాడు.
మైనస్, మళ్లీ మైనస్.

నాకీ కళ్లెక్కడివంటే,
ముళబాగిలు కాలేజీ కబడ్డీ జట్టులో ఎడమ కార్నర్‌ని.
కూతకొచ్చినవాడి ముఖం చూస్తే మోసపోతావురా,
తుంటి చూడు, తుంటికి అబద్ధం చేతకాదు అని
పీటీ మాస్టరు గంగిరెడ్డి బెత్తంతో తాకి చూపేవాడు.
చీలమండ పట్టి ఎందర్ని ఆపానో లెక్క లేదు.
మోకాలి చిప్ప ఒకే ఒక్కసారి పక్కకి జరిగింది.
దాని లెక్క ఉంది.

కార్నర్ పట్టుకోవచ్చు. వీడు పట్టుకోకూడదు,
పట్టుకుంటే పసుపు గుడ్డ పడుతుంది.
పట్టుకోకుండా ఆపడం.
ఇంతకన్నా ఇబ్బందైన పని ఏదైనా ఉందేమో
క్యాబ్‌లో కూర్చుని చాలాసార్లు వెతికాను.

మూడో ఆట, రెండో సగం, ఏడో ఎత్తు.
ఎదుటివాళ్లిద్దరూ అల్లిక వేశారు:
లోపలివాడు బయటికి, బయటివాడు చుట్టు తిరిగి లోపలికి.
కొత్తవాళ్లు మునిగేది ఇక్కడే,
ముందున్నవాడి వెంటపడి పోయి తలుపు తీసిపెడతారు.
అరవై నాలుగు తనవాణ్ణి ఎడమ చేత్తో పక్కవాడికి అప్పజెప్పాడు,
కిక్కిరిసిన బస్సులో చిల్లర చేతులు మారినట్టు,
తల తిప్పకుండా.
కుడికాలు అంగుళం వెనక్కి.
మోకాళ్లు, ఈసారి మోకాళ్లే.
చుట్టి వచ్చినవాడు వచ్చి, అంతే, ఉండిపోయాడు.

ఎనిమిదిసార్లు పెడల్ తొక్కాను.
అవతలి కొసన ఇంకెవడో జారాడట, బంతి విసిరేవాడు నేలకరిచాడట,
స్టేడియమంతా తల పట్టుకుంది.
నేను ప్లస్ వేశాను.

రెండో పరిశీలన పూవమ్మది. ఒకప్పుడు హాకీ గోల్‌కీపరు.
"ఎడమ పాదం చూడు, తేలిపోయింది. అదృష్టం."
"ఆపాడు కదా!"
"ఆపాడా లేదా అని కాదు, ఎలా ఆపాడని కదా మనం చూసేది."
ఇరవై నిమిషాలు, ఆమె కొడగు కన్నడంలో, నేను కోలారు కన్నడంలో.
ఆ పాదం తెర మీద అట్లాగే గాల్లో ఆగి
మా తీర్పు కోసం ఎదురుచూసింది.
చివరికి ఇద్దరం సున్నా దగ్గర రాజీ పడ్డాం.
సున్నా అంటే తక్కువేం కాదు,
జీతానికి సరిపడా పని చేశాడని.

నాలుగున్నరకి పాంట్రీలో
కాఫీ మిషను గురగురమంటూ ఆలోచిస్తుంటే
ఎవరూ లేరు కదా అని
కుడికాలు అంగుళం వెనక్కి వేసి చూశాను.
ఎడమ పాదం తేలుతుందా?
పాత చిప్ప టక్కుమంది.

మాపు బకెట్టుతో వచ్చిన మునిరాజు ఆగాడు:
"ఏం సార్, నడుం పట్టేసిందా?"

"నడుం కాదప్పా," అన్నాను ఇంకాస్త కిందికి దిగుతూ,
"మోకాళ్లు."